కావలి సైజు ఊరికి ఆప్టికల్ సార్టర్ తగునా? (రోజుకు 12 టన్నుల పొడి చెత్త)

పొడిచెత్త_కావలి (ప్రశ్న)

లక్షకు కాస్త అటూఇటూ జనాభా ఉన్న మున్సిపాలిటీ. రోజుకు 35 నుంచి 40 టన్నుల చెత్త. అందులో పొడి చెత్త పేరుతో షెడ్డుకు దిగేది 12 టన్నుల దాకా. ప్రస్తుతం నేలమీద గుట్ట పోసి చేత్తో ఏరిస్తున్నారు. అట్టపెట్టెలు, పెట్ సీసాలు (నీళ్లు, కూల్‌డ్రింకుల ప్లాస్టిక్ సీసాలు), పాల ప్యాకెట్లు, గట్టి ప్లాస్టిక్, ఇనుము తీసేశాక కూడా సగానికి పైనే మిగులుతోంది. అంతా కవర్లు, చిప్స్ ప్యాకెట్లు, గుడ్డపేలికలు. అది యార్డులోనే పేరుకుపోతోంది.

ఇప్పుడు ఆప్టికల్ సార్టర్ (వెలుగుతో సరుకు రకం గుర్తించి, గాలితో ఊది వేరు చేసే మిషను) పెడదామని ప్రతిపాదన నడుస్తోంది. మీటరు వెడల్పు బెల్టు, పైన ఎన్‌ఐఆర్ (కంటికి కనపడని పరారుణ వెలుగును చదివే) కెమెరా, చివర గాలి నాజిళ్లు. కొటేషన్‌లో "గంటకు 3 టన్నులు, 95 శాతం ప్యూరిటీ" అని ఉంది. ఈ అంకెలు మన చెత్తకు వర్తిస్తాయా? దాని ముందు, వెనక ఏమేం పెట్టాలి? వానాకాలంలో నడుస్తుందా? ఈ పని తెలిసినవాళ్లు లెక్కలతో సహా చెబితే ఉపయోగం.

బెల్టు_బేరింగు

ఆ 3 టన్నులు ఏ సరుకుకో రాశారా? రాయకపోతే ఆ అంకెకు అర్థం లేదు. మనమే లెక్క వేద్దాం.

మీటరు బెల్టు, సెకనుకు 3 మీటర్ల వేగం. అంటే సెకనుకు 3 చదరపు మీటర్ల బెల్టు కెమెరా కింద నుంచి పోతుంది. వస్తువు మీద వస్తువు పడకూడదు, ఒకదానికొకటి ఆనకూడదు కాబట్టి అందులో ఐదో వంతే నింపుదాం, 0.6 చదరపు మీటర్లు. లీటరు నీళ్ల సీసా పడుకుంటే 8 సెంటీమీటర్లకు 26 సెంటీమీటర్లు, బరువు 22 గ్రాములు అనుకోండి. సెకనుకు 28 సీసాలు, గంటకు 2.2 టన్నులు. సీసాల వరకైతే కొటేషన్ మరీ అబద్ధమేం కాదు.

అదే బెల్టు మీద కవర్లు పోయండి. 50 మైక్రాన్ల కవరు చదరపు మీటరుకు 46 గ్రాములు తూగుతుంది, ముడతపడి రెండు పొరలైతే 92. కాస్త చిక్కగా, 30 శాతం జాగా నింపినా సెకనుకు 83 గ్రాములే. గంటకు 300 కిలోలు. రోజుకు ఆరున్నర గంటలు నికరంగా నడిస్తే 2 టన్నులు కూడా రావు. మీకు యార్డులో పేరుకుంటున్నది ఈ సరుకే కదా.

పెట్ సంగతీ చూడండి. 12 టన్నుల్లో వందకు ఆరు పాళ్లు పెట్ ఉందనుకుంటే 720 కిలోలు. సీసాల వేగంతో ఆ మిషనుకు అది ఇరవై నిమిషాల పని. కాబట్టి తేలిగ్గా దొరికే సరుకుకు ఈ మిషను మరీ ఎక్కువ, మిమ్మల్ని ఏడిపిస్తున్న సరుకుకు మరీ తక్కువ. ఆ "వందకు ఆరు" అన్నది నేను అనుకున్న అంకె, మీ ఊరి అంకె తూచి చూస్తేనే తెలుస్తుంది. వరసగా ఎనిమిది రోజులు, ఆదివారం కూడా కలిసొచ్చేలా, వేర్వేరు వార్డుల బండ్ల నుంచి రోజుకు 500 కిలోలు తీయండి. బాగా కలిపి గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేయండి, ఎదురెదురు రెండూ పారేయండి, మిగిలిన 250 మళ్లీ కలిపి మళ్లీ నాలుగు చేయండి. చేతికి 125 కిలోలు మిగులుతుంది. దాన్ని పెట్, హెచ్‌డీ (గట్టి పాలిథిన్), పీపీ (పాలీప్రొపిలీన్), ఎల్‌డీ (మెత్తటి పాలిథిన్) కవర్లు, మెరుపు ప్యాకెట్లు, అట్ట, కాగితం, గుడ్డ, ఇనుము, గాజు, మట్టి, తిండి అని విడివిడిగా తూచండి. ఈ పట్టిక లేకుండా ఏ మిషను కొన్నా గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

ఇక మిషను ఎలా చూస్తుందో తెలిస్తే ఎక్కడ తప్పుతుందో మీకే అర్థమవుతుంది. హాలోజన్ దీపాల వెలుగు బెల్టు మీద పడుతుంది. తిరిగొచ్చిన వెలుగులో 900 నుంచి 1700 నానోమీటర్ల భాగాన్ని సెన్సరు విడదీసి చదువుతుంది. ఒక్కో ప్లాస్టిక్ ఒక్కో చోట ఆ వెలుగును మింగుతుంది, దాన్నిబట్టి ఇది పెట్, ఇది పీపీ అని తేల్చి, ఆ వస్తువు బెల్టు చివరికి వచ్చే క్షణానికి ఎదురుగా ఉన్న నాజిళ్లను తెరుస్తుంది. అంతే. లోపల ఏముందో దానికి తెలియదు, కింద ఏముందో అసలే తెలియదు.

అందుకని తప్పేవి ఇవి. నల్ల ప్లాస్టిక్: నలుపు కోసం కలిపే కార్బన్ బ్లాక్ వెలుగంతా మింగేస్తుంది, బెల్టుకూ దానికీ తేడా కనపడదు, పార్శిల్ డబ్బాల అడుగులు, నల్ల కవర్లు అన్నీ తప్పించుకుపోతాయి. నిలువెల్లా లేబుల్ తొడిగిన సీసా: సెన్సరు చదివేది లేబుల్‌ని, సీసాని కాదు. గుండ్రటి సీసా: స్కాన్ గీత నుంచి నాజిళ్లకు 60 సెంటీమీటర్లు ఉంటే మధ్యలో 0.2 సెకను, ఆ లోపు సీసా పక్కకు దొర్లిందా, గాలి ఖాళీలోకి పోతుంది (నలిగిన సీసా దొర్లదు, కాబట్టి సీసాను నలిపి వేయమని ఇళ్లలో చెప్పడం దండగ మాట కాదు). సగం నీళ్లున్న సీసా: గాలి దాన్ని లేపలేదు. తడి: నీరు 1450 నానోమీటర్ల దగ్గర గట్టిగా మింగుతుంది, తడిసిన కాగితం, బురద కవరు గుర్తుపట్టడం కష్టం.

వీటన్నిటికంటే ముందు, మూట. మన ఇళ్లలో చెత్త క్యారీబ్యాగులో వేసి ముడివేసి ఇస్తారు. మూట విప్పకుండా బెల్టెక్కితే సెన్సరుకు కనపడేది ఒకే ఒక్క వస్తువు, ఎల్‌డీ కవరు. మూట మొత్తాన్ని కవర్ల గుంటలోకి ఊదేస్తుంది. అందుకే సార్టర్‌కు ముందు మూటలు చింపేది, ఆ తర్వాత డ్రమ్ము జల్లెడ, ఆపైన చదునువీ గుండ్రటివీ విడదీసే బాలిస్టిక్, అయస్కాంతం, చివరగా పలచగా పరిచే వైబ్రేటర్, ఇవన్నీ కావాలి. ఈ ముందు వరస లేకుండా కొటేషన్ ఇచ్చారంటే, చాలాచోట్ల జరిగేది అదే, సగం ధరే చెప్పారన్నమాట.

జల్లెడ వివరం కూడా రాస్తా. మీ లోడుకు 1.5 మీటర్ల వ్యాసం, 4 నుంచి 5 మీటర్ల పొడవు సరిపోతుంది. డ్రమ్ము ఎంత వేగంగా తిరిగితే చెత్త గోడకు అతుక్కుపోయి కింద పడదో ఆ వేగం 42.3 ని వ్యాసం వర్గమూలంతో భాగిస్తే వస్తుంది, 1.5 మీటర్లకు నిమిషానికి 34.5 చుట్లు. అందులో 40, 45 శాతం దగ్గర తిప్పాలి, అంటే 14, 15 చుట్లు. వాలు 3 నుంచి 5 డిగ్రీలు. జాలీ కన్నం 50 మిల్లీమీటర్లు, మట్టి, అన్నం మెతుకులు, పూలరెక్కలు కిందికి దిగిపోవడానికి. మొదటి మీటరులో లోపలి గోడకు పళ్లు వెల్డింగ్ చేయిస్తే మూటలు అక్కడే చినుగుతాయి. వేగం పెంచితే పని ఎక్కువ అవుతుందనుకుని 25 చుట్లకు పెడతారు. చెత్త గోడతో పాటే పైదాకా తిరిగి జల్లెడ పట్టకుండానే బయటికొస్తుంది, కవర్లకు మట్టి అట్లాగే ఉంటుంది.

పెన్నాగట్టు

పై అన్న లెక్క బావుంది. దానికి చేతి లెక్క కూడా జోడిస్తా, అప్పుడు పోల్చుకునేదానికి వీలుంటాది.

బెల్టు పక్కన నిలబడి ఏరే మనిషి నిమిషానికి 25 నుంచి 40 సార్లు చెయ్యి వేస్తారు. 30 అనుకోండి, గంటకు 1800. సీసా 22 గ్రాములైతే గంటకు 40 కిలోలు. అట్టముక్క సగటున 150 గ్రాములైతే 270 కిలోలు. కవరు 10 గ్రాములైతే 18 కిలోలే. అంటే మీ 720 కిలోల పెట్‌కు ఆరున్నర గంటల రోజున ముగ్గురు మనుషులు చాలు. ఆ ముగ్గురి పని కోసం కంప్రెసరు, డ్రయ్యరు, ఏసీ గది, సర్వీసు కాంట్రాక్టు పెట్టాలా అనేది ఆలోచించుకోండి.

కానీ ఏరేది నేలమీద కాదు, బెల్టు మీద. నేలమీద కూర్చుని ఏరితే వంగి తవ్వుకోవడానికే సగం టైం పోతాది, నడుములు పోతాయి, కింద పొరలో ఉన్నది ఎవురూ చూడరు.

బెల్టు కొలతలు: వెడల్పు మీటరు, రెండు పక్కలా మనుషులు. ఒక్క పక్కనే నిలబెడితే 60 సెంటీమీటర్లకు మించి చెయ్యి అందదు, అవతలి అంచు సరుకు అట్లే పోతాది. నిలబడే పలక నుంచి బెల్టు ఎత్తు 85 నుంచి 90 సెంటీమీటర్లు. మనిషికి మనిషికి 1.2 మీటర్లు. పన్నెండు మందికి ఏరే భాగం ఎనిమిది మీటర్లు, ఎక్కుడు వాలు కలుపుకుంటే మొత్తం పన్నెండు పైన. వేగానికి లెక్క: 12 టన్నులు ఆరున్నర గంటలకు అంటే గంటకు 1.85 టన్నులు, వదులు చెత్త ఘనపు మీటరు 100 కిలోలైతే 18.5 ఘనపు మీటర్లు. 80 సెంటీమీటర్ల వెడల్పున 15 సెంటీమీటర్ల మందం, మధ్య మధ్య ఖాళీలు సగం పోను, సెకనుకు దగ్గర దగ్గర 9 సెంటీమీటర్లు. అంటే నిమిషానికి 5, 6 మీటర్లు. వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే పరికరం) పెట్టించి 4 నుంచి 12 దాకా మార్చుకునేట్టు ఉంచండి. మందం 15 సెంటీమీటర్లు దాటితే వేగం తగ్గించొద్దు, పోసే కాడ తగ్గించండి. చానామంది రివర్స్‌లో చేస్తారు.

వరస కూడా ముఖ్యం. గాజుపెంకులు, బ్యాటరీలు, డైపర్లు, మందుల స్ట్రిప్పులు మొదటి ఇద్దరు తీసెయ్యాల, ఎనకవాళ్ల చేతులు తెగకుండా. తర్వాత అట్ట, అది పెద్దది కాబట్టి తీసేస్తే కింద ఉన్నది కనపడతాది. తర్వాత పెట్, గట్టి ప్లాస్టిక్, పాల ప్యాకెట్లు. కవర్లు ఏరొద్దు, బెల్టు చివర వాటంతట అవే పడనీండి. తక్కువ ఉన్నదాన్ని ఏరి ఎక్కువ ఉన్నదాన్ని వదిలెయ్యడం, సూత్రం అంతే. కోత తగలని గ్లవ్స్, తలపైన ఫ్యాను, ధనుర్వాతం, హెపటైటిస్ బి టీకాలు, ఇవి లేకుండా బెల్టు స్టార్ట్ చెయ్యొద్దు.

అయస్కాంతం బెల్టు చివర 20, 25 సెంటీమీటర్ల ఎత్తున అడ్డంగా వేలాడదీయండి. బెల్టు పైన ఇనుప ఫ్రేము దాని పక్కనే ఉంటే అయస్కాంతం ఫ్రేమునే పట్టుకుని గుంజుతా ఉంటాది, ఆ జాగాలో స్టెయిన్‌లెస్ స్టీలు వాడమని ముందే చెప్పండి.

మన ప్రాంతంలో ప్రత్యేకంగా ఒక తలనొప్పి ఉండాది. రొయ్యల చెరువుల పాత వలలు, ఏరియేటర్ తాళ్లు, పూలదండల దారం, చీరలు. ఇవి రోలర్లకీ షాఫ్టులకీ చుట్టుకుంటే బేరింగు సీలు పోయి నాలుగు రోజుల్లో బేరింగే పోతాది. తాడు లాంటిది ఏదైనా దించే కాడనే కొక్కెంతో లాగెయ్యాల. షిఫ్టు అయిపోంగానే మెయిన్ స్విచ్ దించి, తాళం వేసి, అప్పుడు కత్తితో చుట్టు కోసెయ్యండి. నడిచే బెల్టు మీద చెయ్యి పెట్టి లాగే అలవాటు ఎవురికైనా ఉంటే ఆ రోజే మాన్పించండి.

హైవే16

ఇద్దరితోనూ కొంత విభేదిస్తాను. చేత్తో చాలన్నది కావలి ఒక్కదానికి నిజం. కానీ కావలి నెల్లూరుకూ ఒంగోలుకూ నడుమ హైవే మీద ఉంది, ఇటైనా అటైనా గంట, గంటన్నర. అయిదారు ఊళ్ల గట్టి ప్లాస్టిక్‌నూ కార్పొరేషన్ సరుకునూ ఒకచోట చేరిస్తే ఆప్టికల్ మిషను రోజంతా నిండుగా తిరుగుతుంది. చిన్న ఊళ్లలో చేత్తో "ప్లాస్టిక్, ప్లాస్టిక్ కానిది" అని మాత్రం విడదీసి, ప్లాస్టిక్ లోపలి రకాలను హబ్బులో మిషను విడదీయడమే సరైన పద్ధతి. మనిషి కంటికి తెల్లటి పీపీ డబ్బా, తెల్లటి హెచ్‌డీ డబ్బా ఒకేలా ఉంటాయి, ఎన్‌ఐఆర్‌కు ఆ గందరగోళం లేదు.

రవాణా ఒక్కటే చూసుకోవాలి. 20 అడుగుల లారీ బాడీ దాదాపు 32 ఘనపు మీటర్లు. వదులు సీసాలు ఘనపు మీటరుకు 25 కిలోలు, అంటే బండికి 800 కిలోలు; లారీ మోసేది గాలి. బేలు కొడితే (మిషనుతో నొక్కి కట్ట కడితే) 250 కిలోలు, బండికి 8 టన్నులు. అయితే హబ్బుకు పంపే బేలును మరీ గట్టిగా నొక్కొద్దు. ఇటుకలా అయిపోయిన బేలు విప్పితే సీసాలు ఒకదానికొకటి అతుక్కుని ముద్దగా వస్తాయి, మిషను వాటిని ఒక్క వస్తువుగా చూస్తుంది. నేరుగా కొనేవాడికి పంపేదైతేనే గట్టిగా నొక్కండి. మూతలు బిగించి ఉన్న సీసాల బేలు రాత్రికి రాత్రి ఉబ్బి పట్టీలు తెంపుకుంటుంది, సీసాకు చిల్లి పొడిచే రోలరు బేలర్ ముందు పెట్టుకోండి.

ఏరే రోబో చేతుల గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే: అవి నిమిషానికి 30 నుంచి 70 సార్లు ఎత్తుతాయి, దాదాపు మనిషి వేగమే. పీల్చి పట్టే రబ్బరు కప్పు చదునైన పొడి వస్తువును బాగా పడుతుంది. నలిగిన, బురద పట్టిన కవరును వదిలేస్తుంది. ఇప్పటికి మనకొద్దు.

పొడిచెత్త_కావలి

మూడు జవాబులూ ప్రింటు తీసి పెట్టుకున్నాం. ఇంకొన్ని అనుమానాలు. (1) చిప్స్ ప్యాకెట్ల లోపల మెరిసేది అల్యూమినియమే కదా, ఎడ్డీ కరెంట్ సెపరేటరుతో (తిరిగే అయస్కాంతంతో అల్యూమినియంను ఎగరగొట్టే మిషను) వాటిని విసిరేయించొచ్చా? (2) పెట్‌లో పీవీసీ కలిస్తే లోడు వెనక్కి పంపుతున్నారు, కంటితో ఎలా పట్టుకోవాలి? (3) మిగిలిన కవర్లు సిమెంటు బట్టీలకు ఇంధనంగా పోతాయా? (4) రొయ్యల మేత బస్తాలు, థర్మోకోల్ పెట్టెలు ఎందులో వేయాలి?

ఎల్‌డీ_హెచ్‌ఎం

రెండో దానికీ నాలుగో దానికీ నేను చెబుతా.

సీసా తిరగేసి అడుగు చూడండి. పెట్ సీసా అడుగున నడిమధ్యలో చిన్న చుక్కలా గట్టి బొడిపె ఉంటుంది, అచ్చులోకి ప్లాస్టిక్ దూరిన చోటు అది. పీవీసీ సీసా అడుగున చుక్క ఉండదు, అడ్డంగా అతుకు గీత ఉంటుంది. హెచ్‌డీ డబ్బాకు కూడా గీతే, కానీ అది పాలవిరుగుడులా మసకగా ఉంటుంది, పీవీసీ అద్దంలా ఉంటుంది. ఇంకో పరీక్ష, గోడను గోటితో మడిచి విప్పండి: పీవీసీ మీద తెల్లటి చార నిలిచిపోతుంది. నీళ్లలో వేసి తేల్చుకుందామంటే కుదరదు, పెట్ సాంద్రత 1.38, పీవీసీ కూడా ఆ దరిదాపే, రెండూ మునుగుతాయి. తేలేవి పీపీ, హెచ్‌డీ, ఎల్‌డీ. అందుకే పెట్ ముక్కలు కడిగే తొట్టిలో మూతలు పైకి తేలి సులువుగా పోతాయి, పీవీసీ మాత్రం కిందే దాక్కుంటుంది.

కొనేవాడు ఎందుకంత గొడవ చేస్తాడంటే, పెట్ కరిగే వేడికి (260 డిగ్రీల పైమాటే) పీవీసీ కాలిపోయి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వదులుతుంది. పదివేల పాళ్లలో ఒక పాలు చాలు, సరుకు పసుపు తిరిగి, పెళుసెక్కి, మిషను స్క్రూ తుప్పు పడుతుంది. బేలులో రెండు పీవీసీ సీసాలు దొరికినా లోడంతా అనుమానమే. వ్యాపారులు కొందరు అగ్గిపుల్ల వెలిగించి వాసన చూస్తారు, ఆ పొగ పీల్చే పరీక్ష చేయకండి. చేతిలో పట్టుకునే ఎన్‌ఐఆర్ గన్ ఒకటి కొనండి. వస్తువుకు ఆనిస్తే రకం చెబుతుంది. మొత్తం సార్టర్‌తో పోలిస్తే ధర ఏ మూలకు? రోజుకు మూడు బేళ్ల నుంచి ఇరవై సీసాల చొప్పున చూసి పుస్తకంలో రాయించండి. నల్ల ప్లాస్టిక్‌కు ఇదీ పనిచేయదు.

కవర్లకు చప్పుడే గన్. హెచ్‌ఎం కవరు (పల్చటి హెచ్‌డీ కవరు) నలిపితే గరగరమంటుంది, ఎల్‌డీ మెత్తగా, చప్పుడు లేకుండా సాగుతుంది, బట్టల మీద వచ్చే పీపీ కవరు గట్టిగా పటపటమని, లాగితే సాగకుండా చీలిపోతుంది. పాల ప్యాకెట్లు ఎప్పుడూ విడిగానే ఉంచండి. కడిగి ఆరబెట్టినదానికీ పులిసిన వాసన కొట్టేదానికీ రేటు ఒకటి కాదు.

మేత బస్తా అల్లిన పీపీ, పైన మెరుపు బొమ్మ పొర ఉన్నా అది కూడా సాధారణంగా పీపీయే, రెండూ ఒకే జాతి. లోపల ఎల్‌డీ సంచి ఉంటే లాగెయ్యండి, మూతి కుట్టు దారం కోసెయ్యండి, దులిపి వాసన పోయేదాకా ఎండలో వెయ్యండి. థర్మోకోల్‌ను జల్లెడ దాకా రానివ్వొద్దు. డ్రమ్ములో పడితే పూసలు పూసలుగా రాలి, జల్లెడ కింది మట్టిలో కలిసి, ఆ మట్టి ఎరువుకు పనికిరాకుండా పోతుంది. బండి దించేచోటే తీసి విడిగా పేర్చి, రొయ్యల పెట్టెలైతే ముందు కడిగించి, నొక్కే మిషను ఉన్నచోటికి పంపాలి.

బెల్టు_బేరింగు

చిప్స్ ప్యాకెట్ ఎడ్డీ కరెంటుకు ఎగరదు. లోపలి మెరుపు అల్యూమినియమే, కానీ దాని మందం కొన్ని పదుల నానోమీటర్లు. అంత పల్చటి పొరలో వస్తువును నెట్టగలిగినంత కరెంటు పుట్టదు. కూల్‌డ్రింక్ డబ్బా ఎగురుతుంది. డబ్బాలు మీ షెడ్డు దాకా ఎన్ని వస్తున్నాయి? పాత సామాన్లవాళ్లు గుమ్మంలోనే కొనుక్కుపోతున్నారు. వచ్చే నాలుగు డబ్బాలు చేత్తో తీయండి, ఆ మిషను వద్దు. ఎప్పటికైనా పెడితే అయస్కాంతం తర్వాతే పెట్టాలి. మేకు ఒకటి ఎడ్డీ డ్రమ్ము మీద అతుక్కుందంటే తిరిగి తిరిగి వేడెక్కి డ్రమ్ము తొడుగును కాల్చేస్తుంది.

ఇంధనం సంగతి. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు కిలోకు 1500 కిలోక్యాలరీలు, ఆపైన ఉన్న పనికిరాని చెత్తను పూడ్చకూడదన్నాయి, కాబట్టి కవర్లను గుంటలో వేయడం పరిష్కారం కాదు. కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ 2018 మార్గదర్శకాల్లో ఆర్‌డీఎఫ్‌కు (చెత్తతో చేసే ఇంధనానికి) గ్రేడ్లు పెట్టింది. గ్రేడు-3కి 3000 కిలోక్యాలరీలు, తేమ 20 శాతం లోపు, బూడిద 15 లోపు, క్లోరిన్ 1 శాతం లోపు. గ్రేడు-1కి 4500, 10, 10, 0.5. క్యాలరీలు కవర్లతో ఎలాగూ వస్తాయి. మనం ఓడిపోయేది మిగతా మూడింటిలో.

తేమ: 35 శాతం తేమతో ఉన్న టన్నును 20 శాతానికి ఆరబెడితే 812 కిలోలు మిగులుతుంది. ఆరబెట్టకుండా పంపితే ఆ 188 కిలోల నీళ్లకు కూడా లారీ కిరాయి కట్టినట్టే. పల్నాడు వైపు బట్టీలైనా కడప వైపువైనా కావలి నుంచి వంద కిలోమీటర్లు దాటే ఉన్నాయి, కిరాయి చిన్నది కాదు. బూడిద: మన తీరం వీధులు ఇసక. వీధులు ఊడ్చిన చెత్తను పొడి చెత్త బండిలో వేశారా, బూడిద పరిమితి అక్కడే పోయింది. ఊడ్చిన చెత్తకు వేరే బండి, ఇది మిషను చేయలేని పని. క్లోరిన్: అసలు దొంగ ఫ్లెక్సీ, అది పీవీసీతో చేసేదే. పీవీసీలో బరువుకు 57 శాతం క్లోరినే. ఫ్లెక్సీలో దారం, మెత్తబరిచే నూనె పోను కూడా, వంద కిలోల ఇంధనంలో మూడు కిలోల ఫ్లెక్సీ కలిసిందంటే గ్రేడు-1 హద్దు దాటుతుంది. ఎన్నికలు, పుట్టినరోజులు, పండగలు అయిన వారం ఫ్లెక్సీలు షెడ్డు గేటు దగ్గరే ఆపేయాలి. అన్నం, చేపల ఉప్పు కూడా క్లోరిన్ కిందికే వస్తుంది.

ఇంకా ఆప్టికల్ వైపే మొగ్గితే, డబ్బు కట్టకముందు వాళ్ల డెమో సెంటరుకు మీ చెత్త 500 కిలోలు ఉన్నదున్నట్టు పంపండి, ఏరి, కడిగి, ముస్తాబు చేసి కాదు. రెండు అంకెలూ అడగండి. ప్యూరిటీ అంటే బయటికొచ్చిన గుంటలో అసలు సరుకెంత అని. రికవరీ అంటే లోపలికి పోసిన అసలు సరుకులో ఎంత బయటికి వచ్చిందని. 100 కిలోల చెత్తలో 6 కిలోల పెట్ పోస్తే, గుంటలో 5 కిలోలు పడి అందులో 4.5 పెట్ ఉంటే ప్యూరిటీ 90, రికవరీ 75. అతి జాగ్రత్తగా సెట్ చేస్తే ప్యూరిటీ 95 చూపించడం సులువే, సగం సీసాలు వదిలేస్తే సరి. అగ్రిమెంటులో రెండూ ఉండాలి, గంటకు టన్నులు, సరుకు తేమ కూడా వాటి పక్కనే ఉండాలి.

పెన్నాగట్టు

వానాకాలం అడిగారు, ఎవురూ చెప్పలా. మనకు వానలు ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే. ఆ మూడు నెల్లు లెక్క మొత్తం మారిపోతాది. 50 మైక్రాన్ల కవరు మీద 50 మైక్రాన్ల మందాన నీళ్లు పట్టినా చదరపు మీటరుకు 50 గ్రాములు, అంటే కవరు బరువు రెండింతలు దాటె. తడి కవర్లు ఒకదానికొకటి అంటుకుంటాయి, జాలీ కన్నాలు బురదతో పూడతాయి. బండ్ల పైన టార్పాలిన్, దించే జాగాకు పైకప్పు, నేల వాలు నీళ్లు లోపలికి రాకుండా బయటికి, ఇవి ముందు చెయ్యండి. జల్లెడకు బయటివైపున నైలాన్ బ్రష్ పొడవునా పెడితే కన్నాలు తెరుచుకుంటా ఉంటాయి. అప్పటికీ జిగటగా వస్తా ఉంటే ఆ పూట జల్లెడ ఆపి, ఒక రోజు షెడ్డులో పలచగా పరిచి తర్వాత నడపండి.

ఆప్టికల్ పెడితే వానాకాలం ఇంకో రకంగా కూడా తగులుకుంటాది. నాజిళ్లకు కావాల్సింది 6 నుంచి 8 బార్ పొడి గాలి. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, దాన్ని కంప్రెసరు పిండితే ట్యాంకులో నీళ్లు దిగతాయి. డ్రయ్యరు సరిగా లేకపోతే ఆ నీళ్లు వాల్వుల్లోకి పోయి తుప్పుపట్టి, ఒక్కో వాల్వు తెరుచుకోవడం ఆలస్యం అవతాది. పైకి మిషను బాగానే తిరగతా ఉంటాది, ఒక గీత వెంబడి సరుకు మాత్రం తప్పి పడతా ఉంటాది. మీరు సెన్సరును తిడతారు, తప్పు గాలిది. కనిపెట్టేదానికి ఒక ఉపాయం: బెల్టు ఆపి, ఒక్కో వాల్వు టెస్ట్ మోడ్‌లో వరసగా పేల్చండి, నాజిల్ ఎదుట కాగితం పట్టుకోండి. కాగితం ఊగని చోట చాక్‌పీసుతో గీత పెట్టుకుంటా పోండి.

ట్యాంకు అడుగు డ్రెయిన్ వాల్వు పొద్దున్నే ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తిప్పించండి. ఆటో డ్రెయిన్ ఉందని వదిలెయ్యొద్దు, దాని కన్నం తుప్పు పొడితో పూడిపోతాది. దీపాల ముందర అద్దం ప్రతి షిఫ్టుకు తుడవాల, తెల్ల పలకతో క్యాలిబ్రేషన్ దాని తర్వాతే చెయ్యాల, ముందు చేస్తే దుమ్ముతో కలిపి నేర్చుకుంటాది.

పొడిచెత్త_కావలి

ఎనిమిది రోజుల తూకం వచ్చే సోమవారం మొదలు. వీధులు ఊడ్చిన ఇసక ఆ 500 కిలోల్లో కలిపే తూచాలా, తీసేసా?

బెల్టు_బేరింగు

కలిపే తూచండి. షెడ్డుకు ఏది దిగుతోందో అదే కొలవాలి. ఇసక కోసం పట్టికలో విడిగా ఒక వరస వేయండి, 5 మిల్లీమీటర్ల జాలీ మీద జల్లించి తూకం రాయండి. బండి నంబరు కూడా రాస్తే ఏ వార్డు బండిలో ఊడ్చిన చెత్త కలుస్తోందో మూడో రోజుకే తెలిసిపోతుంది.